ఇరుకు సందులో ఇద్దరు వియ్యంకులు

లిఫ్టాయనకు కోపం రాదని ఆ పేటలో అందరూ చెప్పుకునేవారు. అపార్టుమెంట్ల లిఫ్టులు బాగుచేస్తూనే జుట్టు నెరిసిన మనిషి. రెండంతస్తుల మధ్య ఎవరైనా ఇరుక్కుపోయారని కబురొస్తే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చి, తలుపు పక్కన గచ్చు మీద చతికిలబడి, ముందు మాటలతో పని మొదలుపెట్టేవాడు. "ఏం కాలేదండీ. గాలి బాగానే ఆడుతుంది. తాడు తెగదు. మీరు కింద కూర్చోండి, నేనిక్కడే ఉన్నాను" అనేవాడు. లోపలివాళ్లు ఆయన్నీ, ఆయన కంపెనీనీ, ఆయన పుట్టుకనూ కలిపి తిట్టేవారు. బయటికొచ్చాక సిగ్గుపడి మంచినీళ్లిచ్చేవారు. "ఇరుక్కున్న మనిషి మాటలు పట్టించుకోకూడదు. అవి మాటలు కావు, భయం" అని తన దగ్గర పని నేర్చుకునేవాళ్లకు చెప్పేవాడు.

అంతటి నిదానస్తుడికి లోకంలో ఒకే ఒక్కరి దగ్గర తలప్రాణం తోకకొచ్చేది. ఆ ఒక్కరూ కూతురి మామగారు.

వియ్యంకుడు ఫర్నిచర్ షోరూములో మంచాలూ సోఫాలూ అమ్మి ఈ మధ్యనే రిటైరయ్యాడు. మనిషి మంచివాడు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే తలుపు వేసుకోవచ్చు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. లిఫ్టాయన తలనొప్పిగా ఉందంటే తలనొప్పి మీద ముప్పావుగంట మాట్లాడతాడు, అదీ ప్రేమగా. ఆయన భార్యకు చెవి మిషను ఉంది కాబట్టి ఆవిడ బతికిపోయింది. ఆయన నోరు తెరవగానే మిషను తీసి డబ్బాలో పెట్టి, నవ్వుతూ తల ఊపుతుంది. కొడుకు పొద్దున్నే ఆఫీసుకు పోతాడు. ఇక మిగిలింది కోడలు, అంటే లిఫ్టాయన కూతురు. ఆ పిల్ల స్కూలు పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. పని ఇంట్లోనే.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఉన్నట్టుండి పుట్టింటికొచ్చి, చెప్పులైనా సరిగ్గా విప్పకుండా సోఫాలో పడి నిద్రపోయింది. సాయంత్రం లేచి టీ తాగుతూ తండ్రితో చెప్పింది.

"మామయ్య పొద్దుటి నుంచీ నా కుర్చీ వెనకే నాన్నా. చెట్టు వేస్తే 'ఆకులు ఎక్కువయ్యాయేమో చూడమ్మా' అంటారు. ఆకులు తీసేస్తే 'పాపం బోసిపోయింది' అంటారు. మధ్యలో ఆయన అమ్మిన మంచాల కథలు. ఒక్కటీ చెడ్డ మాట కాదు. తిడితే తిరిగి తిట్టచ్చు, లేదా ఏడవచ్చు. దీనికేం చెయ్యను? నిన్న బాత్రూములో స్టూలేసుకుని బొమ్మ పూర్తి చేశాను."

"అల్లుడితో చెప్పలేకపోయావా?"

"చెప్పాను. 'నాన్న మనసు నొచ్చుకుంటుంది, నువ్వే సర్దుకో' అన్నాడు. వారంలో పుస్తకం బొమ్మలన్నీ ఇచ్చేయాలి నాన్నా. ఆయన్ని ఒక్క వారం ఎటైనా తీసుకెళ్లు. నీ కాళ్లు పట్టుకుంటాను. నేనడిగానని మాత్రం చెప్పకు."

అలా లిఫ్టాయన జీవితంలో మొదటిసారి వీపుకు సంచి తగిలించుకుని దేశాటనకు బయల్దేరాడు. సంచులు అల్లుడు కొన్నాడు. సూట్‌కేసులు ముసలివాళ్లకట, ఇప్పుడందరూ ఇలాగే తిరుగుతున్నారట. "బావగారూ, అలా కొండల వైపు వెళ్లొద్దామా?" అని లిఫ్టాయన ఫోనులో అడిగినప్పుడు అవతల కాసేపు మాట లేదు. ఆయన ఎరిగున్నంతలో వియ్యంకుడు మాట లేకుండా ఉండటం అదే మొదలు. తరువాత "మీరా! నన్నా! ఎప్పుడు?" అన్న కేక వినిపించింది.

గుమ్మం దాటుతుంటే భార్య చొక్కా కాలరు సర్దుతూ, "మాట తూలకండి. మన పిల్ల ఆ ఇంట్లో బతకాలి" అని హెచ్చరించింది. ఆ ఒక్క ముక్కతో ఆయన నోటికి తాళం పడింది.

బస్సు ఊరు దాటకముందే వియ్యంకుడు డ్రైవరుతో స్నేహం చేసుకున్నాడు. కొండ ఎక్కేలోపు డ్రైవరు అత్తగారి నడుంనొప్పికి ఏ పరుపు మంచిదో తేలిపోయింది. లిఫ్టాయన కిటికీకి తల ఆనించి నిద్ర నటించాడు. "నిద్రపోతున్నారా బావగారూ?" అని భుజం తట్టి అడిగి, అవునని నిర్ధారించుకున్నాక గాని వియ్యంకుడు గొంతు తగ్గించలేదు.

బస చేసిన చోట ఒకే గదిలో పైనొకటి కిందొకటిగా ఇనుప మంచాలున్నాయి. లిఫ్టాయన పై మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కింద వియ్యంకుడి దర్బారు మొదలైంది. సెలవు పెట్టి ఒంటరిగా తిరుగుతున్న ఒక పళ్ల డాక్టరమ్మ, హోటల్లో వంట చేసే అన్నదమ్ములిద్దరూ తెల్లారేసరికి ఆయనకు ప్రాణస్నేహితులయ్యారు. లిఫ్టాయన మొహం కడుక్కుని వచ్చేసరికి నలుగురూ ఒకే బల్ల దగ్గర బ్రెడ్డు తింటూ, తనకోసం కూడా ఒక కుర్చీ లాగి ఉంచారు.

"బావగారూ, శుభవార్త!" అన్నాడు వియ్యంకుడు. "ఇక్కడ భూమి కింద గుహలున్నాయట. దీపాలు పెట్టి, మెట్లు కట్టి చూపించేది కాదు, అది చిన్నపిల్లలకు. మనం పాకుతూ వెళ్లేది. మీ పేరు కూడా చెప్పేశాను. మా బావగారు లేకుండా నేను అడుగు పెట్టనన్నాను!"

"నేను బయట కూర్చుని పేపరు చదువుకుంటాను లెండి."

"అమ్మో, మీరు లేకపోతే ఎలా? చీకటి సందులంటే మీకు కొట్టిన పిండి" అని వియ్యంకుడు మిగతావాళ్ల వైపు తిరిగి, లిఫ్టు గోతుల్లో బావగారి సాహసాలు చెప్పడం మొదలుపెట్టాడు. వాటిలో సగం జరగనివి. పళ్ల డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసుకుని "నిజమా అంకుల్?" అంది. కాదంటే వియ్యంకుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టవుతుంది. లిఫ్టాయన తల ఊపాడు. అలా ఊపి ఊపే తన బతుకు ఇలా అయిందని ఆయనకు ఆ క్షణంలో అనిపించింది.

గుహ దగ్గర అందరికీ ఒంటినిండా వేసుకునే మందపాటి తొడుగులూ దీపమున్న హెల్మెట్లూ ఇచ్చారు. లిఫ్టాయనకు దొరికిన తొడుగులో అంతకుముందు ఎవరో బాగా చెమటోడ్చిన వాసన ఉంది. గైడు పొట్టిగా, చురుగ్గా ఉన్న ఆడమనిషి. పొదుపుగా మాట్లాడుతుంది. ఆవిణ్ణి చూడగానే లిఫ్టాయనకు ప్రాణం లేచొచ్చింది. "నా వెనకే రండి. నేను పెట్టిన చోటే కాలు పెట్టండి. ఏది పడితే అది పట్టుకోకండి" అని ఇనుప నిచ్చెన దిగింది.

లోపల చల్లగా, తడిగా ఉంది. బురద చీలమండల దాకా వచ్చింది. పైనుంచి నీటిచుక్కలు మెడ మీద సూదుల్లా పడుతున్నాయి. గోడలు హెల్మెట్ల దీపాల వెలుగులో తేనె రంగులో మెరుస్తున్నాయి. ఎవరూ పలకరించకపోతే లిఫ్టాయన అక్కడ సుఖంగా ఉండగలిగేవాడే. కానీ వియ్యంకుడికి కనిపించిన ప్రతి రాయీ ఒక సామానే.

"అటు చూడండి బావగారూ, అచ్చం మూడు సీట్ల సోఫా! చేతులు కూడా ఉన్నాయి. ఇదిగో, ఇది వాలుకుర్చీ. దీన్ని మా షోరూములో పెడితే సాయంత్రంలోగా అమ్మేసేవాణ్ణి."

వంటవాళ్లు నవ్వారు. డాక్టరమ్మ ఫోటో తీసింది. లిఫ్టాయన "ఊఁ" అన్నాడు. ఇంకో మలుపులో డ్రెస్సింగ్ టేబులు. "ఊఁ." ఆ తరువాత పిల్లల ఉయ్యాల. "ఊఁ."

ఒక పెద్ద గది లాంటి చోట గైడు అందర్నీ ఆపింది. "ఇప్పుడు దీపాలు ఆర్పేద్దాం. కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. ఇలాంటి చీకటి, ఇలాంటి నిశ్శబ్దం పైన దొరకవు." దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి కమ్ముకుంది. ఎక్కడో లోతున నీళ్లు జారుతున్నాయి. లిఫ్టాయన భుజాలు దిగాయి. ఈ ప్రయాణంలో తన సొంతానికి దక్కిన మొదటి క్షణమని ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఏమీ కనిపించడం లేదు కదండీ!" అంది చీకటిలో వియ్యంకుడి గొంతు.

లిఫ్టాయన పళ్లు పటపటా నూరిన చప్పుడు పక్కనున్న పళ్ల డాక్టరమ్మకు వినిపించింది. "అంకుల్, అలా నూరకండి, అరిగిపోతాయి" అని మెల్లగా చెప్పింది.

ఆ తరువాత వచ్చింది ఇరుకు సందు. గోడ అడుగున అడ్డంగా చీలినట్టున్న ఒక నోరు. బోర్లా పడుకుని, ఒక చెయ్యి ముందుకు చాచి, పాములా పోవాలి. గైడు వియ్యంకుడి పొట్ట వైపు చూసి, "మీకు వేరే దారి ఉంది. చుట్టు తిరిగి వెళ్లొచ్చు" అంది. లిఫ్టాయన లోలోపల దండం పెట్టుకున్నాడు. కానీ వియ్యంకుడు వినలేదు. గైడూ వంటవాళ్లూ దూరాక ఆయన కూడా పడుకున్నాడు. మాట్లాడుతూనే పడుకున్నాడు, మాట్లాడుతూనే వెన్నలో వేలు దిగినట్టు జారి అవతల తేలాడు. అంత పొట్ట ఎటు పోయిందో ఎవరికీ అర్థం కాలేదు.

తరువాత లిఫ్టాయన. ఎముకల పోగులాంటి మనిషి కాబట్టి ఆయన గురించి ఎవరూ ఆలోచించలేదు. సగం దూరం బాగానే వెళ్లాడు. అక్కడ ఎడమ చెయ్యి ఒంటి కింద చిక్కింది. దాన్ని లాగబోతే భుజం పైరాయికి తగిలింది. కంగారుగా గాలి పీల్చేసరికి ఛాతీ బిగుసుకుపోయింది. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. బుగ్గ కింద తడి రాయి. చీకటి గోతుల్లో ఎన్ని గంటలో గడిపాడు గాని, అక్కడ ఎప్పుడూ తన పైన ఖాళీ ఉండేది.

"ఆగిపోయారేంటి బావగారూ?" వియ్యంకుడు అవతల మోకాళ్ల మీద వంగి సందులోకి తొంగిచూశాడు. ఆయన నెత్తి మీది దీపం సూటిగా లిఫ్టాయన కళ్లలో పడింది. ఆ చివర ఒక్క మనిషికే చోటు. గైడు వెనకనుంచి చెప్పే మాట ఆయన అందుకుని ఇవతలికి చేరవేయాలి.

"ఊపిరి పూర్తిగా వదిలేయమనండి" అంది గైడు. "గాలి పోతే సందు చాలుతుంది."

"ఊపిరి వదిలేయమంటున్నారు బావగారూ. ఏం కంగారు పడకండి. మా షోరూములో ఒకసారి ఒక సోఫా ఇలాగే గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. కొన్నావిడ ఒకటే ఏడుపు. నేనేమన్నానంటే—"

"దీపం..." అన్నాడు లిఫ్టాయన.

"ఆఁ, దీపం బాగానే వెలుగుతోంది. నేనేమన్నానంటే, అమ్మా, మీరు ఏడవకండి, ముందు టీ తాగండి అన్నాను. టీ వచ్చేలోపు దాని కాళ్లు విప్పేశాం!"

"ఊపిరి వదిలారా?" అంది గైడు.

"వదులుతారు, వదులుతారు. మనిషి కాళ్లు విప్పలేం గాని బావగారూ, సూత్రం మాత్రం అదే—"

అప్పుడు ఊడింది నోటి తాళం.

"నోరు ముయ్యండి!" అని అరిచాడు లిఫ్టాయన. "మీ సోఫాలు తగలెయ్య! మీ మంచాలు తగలెయ్య! బస్సులో మాటలు, మంచంలో మాటలు, చీకట్లో మాటలు! మీ నోటికి భయపడి మా అమ్మాయి బాత్రూములో కూర్చుని బొమ్మలేసుకుంటోంది! మిమ్మల్ని ఒక్క వారం ఎటైనా తీసుకుపొమ్మని నా కాళ్లు పట్టుకుంది! లేకపోతే మీతో ఈ కొండలెక్కడానికి, ఈ కన్నంలో దూరడానికి నాకేమైనా పిచ్చా!"

ఆ అరుపుతో ఒంట్లో ఉన్న గాలంతా పోయింది. ఛాతీ రాయిని వదిలేసింది. వెనకనుంచి డాక్టరమ్మ ఆయన కాళ్లను ఒక్క నెట్టు నెట్టింది. లిఫ్టాయన మూతి నేలకు కొట్టుకునేలా అవతల పడ్డాడు. ఆయన అన్న చివరి మాటను గుహ ఇంకో రెండుసార్లు చెప్పింది.

వంటవాళ్లలో తమ్ముడు తన బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. వియ్యంకుడు చెయ్యి అందించి లిఫ్టాయన్ను లేపాడు. హెల్మెట్ పట్టీ సరిచేశాడు. తరువాత తిరిగి గైడు వెనక నడిచాడు.

ఇక అక్కడి నుంచి ఆయన నోరు విప్పలేదు.

లిఫ్టాయన ఎన్నాళ్లుగానో కోరుకున్న మౌనం చివరికి దొరికింది. తీరా దొరికాక అది మాటలకంటే అన్యాయంగా ఉంది. భూమి లోపల ఒక చెరువు వచ్చింది. నీళ్లు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. వియ్యంకుడు చూశాడు, ఏమీ అనలేదు. ఇంకొంచెం ముందుకెళ్తే ఒక రాయి, తలదిండుతో సహా, అచ్చు గుద్దినట్టు డబుల్ కాట్ మంచం. అందరూ ఆగి ఆయన వైపు చూశారు. ఆయన పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు.

లిఫ్టాయన ఉండబట్టలేకపోయాడు. "అది మంచంలా లేదూ బావగారూ?"

"ఊఁ" అన్నాడు వియ్యంకుడు.

మాట్లాడితే ఒక నరకం, మాట్లాడకపోతే ఇంకో నరకం. ఈ మనిషి ఏం చేసినా నా ప్రాణానికే వస్తుందని లిఫ్టాయన బురద తొక్కుతూ విసుక్కున్నాడు. ఆ విసుగులో సగం తన మీదేనని ఆయనకు తెలుసు. అందుకే ఇంకా విసుగొచ్చింది.

పైకొచ్చేసరికి ఎండ కళ్లు పొడిచింది. బూట్లు కడుక్కోవడానికి ఒక కుళాయి, పక్కన చెక్క బెంచీ ఉన్నాయి. స్నేహితులు ముగ్గురూ టీ వంకతో దూరంగా వెళ్లారు. ఇద్దరు వియ్యంకులూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు.

వియ్యంకుడే ముందు మాట్లాడాడు. "భయంలో ఏదో అన్నారు లెండి. ఇరుక్కున్న మనిషి మాటలు పట్టించుకోకూడదని మీరే అంటుంటారు కదా."

తప్పించుకోవడానికి తలుపు ఆయనే తీసిపెట్టాడు. ఊఁ అంటే చాలు, అంతా సర్దుకుపోతుంది. భార్య అయితే అదే చెయ్యమనేది. లిఫ్టాయన బూటు అంచున ఎండుతున్న బురదను గోటితో గీకాడు.

"భయంతోనే అన్నాను. కానీ అబద్ధం కాదు బావగారూ."

వియ్యంకుడు తల ఊపాడు. "మీరు పిలిచారని మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. మా బావగారు నాతో తిరగాలని ముచ్చటపడి పిలిచారని. పాలవాడికి కూడా చెప్పాను."

లిఫ్టాయన రెండో బూటు బురద గీకడం మొదలుపెట్టాడు.

"అమ్మాయి నిజంగా బాత్రూములో కూర్చుందా?"

"స్టూలేసుకుని."

"అయ్యో." వియ్యంకుడు హెల్మెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "షోరూములో మాట ఆగితే కొనడానికొచ్చినవాడు లేచి వెళ్లిపోతాడు బావగారూ. అది ఒంటికి పట్టేసింది. ఇంట్లో కూడా, మాట ఆగితే ఎవరో ఒకరు లేచి వెళ్లిపోతారేమోననిపిస్తుంది. పిల్ల వెళ్లలేక బాత్రూములో దాక్కుందన్నమాట." జేబులో ఫోను తడుముకుంటూ, "ఆ తొడుగు ఇచ్చేసి రండి, అందరివీ తీసుకుంటున్నారు" అన్నాడు.

లిఫ్టాయన వరసలో చాలాసేపు నిలబడి తొడుగు అప్పగించి తిరిగొస్తుంటే జేబులో ఫోను మోగింది. కూతురు.

"నాన్నా! నీకేమని చెప్పాను? నేనడిగానని చెప్పకన్నానా లేదా? ఇప్పుడే మామయ్య ఫోన్ చేశారు. క్షమించమ్మా, క్షమించమ్మా అని ఒకటే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు! పెదవి దాటితే పృథివి దాటుతుందని నాకు నేర్పింది నువ్వు కాదూ? గుహలో నిలబడి అరిచావా?"

"నిలబడి కాదమ్మా. పడుకుని."

"నాన్నా!"

"ఏమన్నారింతకీ?"

"ఇంకనుంచి నేను పనిలో ఉంటే ఆ గదిలోకి రారట. అది చెప్పడానికి అరగంట మాట్లాడారు."

ఆ వెంటనే భార్య నుంచి ఫోనొచ్చింది. ఆవిడ చెప్పినవన్నీ ఇక్కడ రాయనక్కర్లేదు. గుట్టు దాచలేని మనిషికి గుట్టు అరిచి చెప్పిన మూర్ఖుణ్ణి నేనేనని ఒప్పుకుని లిఫ్టాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. వియ్యంకుడు అప్పటికే టీ బల్ల దగ్గర ఉన్నాడు. పళ్ల డాక్టరమ్మ ఆయనకు బిస్కెట్లు అందిస్తోంది. ఆయన మాట్లాడుతున్నాడు గాని, మధ్యమధ్యలో ఆగి, ఎదుటివాళ్లు చెప్పేది వినడానికి తంటాలు పడుతున్నాడు. మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆయన ఒక బిస్కెట్టు నోట్లో పెట్టుకోవడం లిఫ్టాయన చూశాడు. చూసి ఇంకో టీ చెప్పాడు, ఇద్దరికీ.

మిగిలిన రోజులు ఎలాగో గడిచాయి. పెద్ద స్నేహం ఏమీ పుట్టుకురాలేదు. బస్సులో వియ్యంకుడు మళ్లీ మాట్లాడాడు, లిఫ్టాయన మళ్లీ నిద్ర నటించాడు. తేడా అల్లా ఒకటే. విసుగు పుట్టినప్పుడు "ఇక చాలు బావగారూ" అని పైకి అనగలిగాడు. ఆయన "సరే, సరే" అని ఆగాడు, ఆ తరువాతి ఊరు వచ్చేదాకా.

ఇంటికొచ్చాక వియ్యంకుడు మాట నిలబెట్టుకున్నాడు. కోడలు బల్ల ముందు కూర్చుంటే ఆ గది గడప తొక్కలేదు. పుస్తకం పూర్తయింది. చెట్లకు ఎన్ని ఆకులుండాలో పిల్లే నిర్ణయించుకుంది. కానీ పొద్దుటి మాటలు పొద్దున్నే ఎక్కడో ఒకచోట దిగాలి. అవి లిఫ్టాయన ఫోనులో దిగాయి. పాలు కాగే వేళకు మోగుతుంది, ఎండ వరండా దాటే వేళకు ఆగుతుంది. లిఫ్టాయన ఫోనుకు స్పీకరు వేసి బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఎదురుగా పేపరు పరుచుకుని, చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటాడు.

"ఎంతసేపూ ఊఁ తప్ప ఇంకో ముక్క లేదా? ఆయన ఏమనుకుంటారు?" అని భార్య ఒకరోజు గద్దించింది.

సరేనని లిఫ్టాయన ఆ రోజు ఫోను దగ్గరికి వంగి, మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడు. "ఇంతకీ ఆ సోఫా గుమ్మంలోంచి బయటికొచ్చిందా బావగారూ?"

ఆ పూట ఆయన స్నానం చేసేసరికి మధ్యాహ్నమైంది.